గాండాల్ఫ్: పగ్గాలు పట్టని పెద్దమనిషి

1977 మార్చిలో ‘ద డ్రాగన్’ అనే ఆటల పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. గాండాల్ఫ్ ఐదో స్థాయి మాంత్రికుడు మాత్రమే అని దాని వాదన. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట మొదలై అప్పటికి మూడేళ్లు. ఆ ఆటలో మాంత్రికులకు స్థాయిలుంటాయి, ఏ స్థాయివాడు ఏ మంత్రం వేయగలడో చెప్పే పట్టికలుంటాయి. ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ రాసిన ‘హాబిట్’, ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ నవలల్లో గాండాల్ఫ్ చూపించిన మాయలను ఏరి ఆ పట్టికలతో పోల్చి చూస్తే, ఐదో స్థాయి దాటిన పని ఒక్కటీ లేదని వ్యాసకర్త తేల్చాడు.

ఈ మధ్య ఆ వ్యాసం గురించి తెలిసినప్పటి నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. ఆయన్ని ఇష్టపడేవాళ్లకి వినగానే కోపం వచ్చే మాటే. కానీ లెక్క తప్పని నేను అనలేను. నిజంగానే ఆయన చేసే మాయలు తక్కువ. కర్ర చివర వెలుగు పుట్టిస్తాడు, దేవదారు కాయలకు నిప్పంటించి తోడేళ్ల మీద విసురుతాడు, మంచులో తడి కట్టెలు రాజేస్తాడు, ఒక తలుపు బిగించబోయి నలిగిపోతాడు. బాణసంచా బాగా కాలుస్తాడు. వెయ్యి పేజీల కథలో ఇంతేనా అనిపిస్తుంది.

అయినా 1937లో ‘హాబిట్’ అనే పిల్లల కథలో మొనదేలిన నీలం టోపీతో, బూడిదరంగు అంగీతో అడుగుపెట్టిన ఆ ముసలాయన ఇప్పటికీ మనల్ని వదల్లేదు. పుస్తకం ముట్టుకోనివాళ్లకి కూడా ఆయనెవరో తెలుసు. సినిమాలో ఒక భూతాన్ని ఎదిరించి ‘దాటనివ్వను’ అని వంతెన మీద కర్ర పాతిన ఆ ముఖం ఎన్ని మీమ్స్‌లోకి ఎక్కిందో లెక్కే లేదు. మాయల వల్ల కానప్పుడు ఈ పట్టు దేనివల్ల వచ్చింది?

చాలామంది చెప్పే జవాబు ‘జ్ఞాని కాబట్టి’. నాకు ఆ జవాబు సరిపోదు. నా దృష్టిలో ఆయన మనకి ఇంత దగ్గరవడానికి కారణం వేరే ఉంది. చేతిలో బలం ఉండి కూడా ఆయన ఎదుటివాడి బతుకు పగ్గాలు తన చేతిలోకి తీసుకోడు. అలా తీసుకోకపోవడం ఆయనకి తేలిక కూడా కాదు. కథంతా ఆయన పడే టెన్షన్ అదే.

జ్ఞానే అయితే ఇన్ని పొరపాట్లా?

జ్ఞానం అంటే ముందే తెలిసి ఉండడం అనుకుంటే గాండాల్ఫ్‌కి మంచి మార్కులు రావు. పొట్టి హాబిట్ల జాతికి చెందిన బిల్బో దగ్గరున్నది సౌరాన్ అనే దుష్టశక్తి చేసిన ఉంగరమేనా అని తేల్చుకోవడానికి ఆయనకి ఎంత కాలం పట్టిందో చూడండి. బిల్బో పుట్టినరోజు విందుకీ, అతని వారసుడు ఫ్రోడోకి నిజం చెప్పిన రోజుకీ మధ్య నవలలో 17 ఏళ్లు గడుస్తాయి. సినిమాలో ఈ కాలం తెలియదు. అన్నేళ్లూ ఆయనకి అనుమానం ఉంది. కానీ ఉంగరాల విద్యలో తోటి మాంత్రికుడు సారుమాన్ తనకంటే పెద్దవాడని, ఆయన భయం లేదన్నాడు కదా అని ఊరుకున్నాడు. చివరికి ఆ సారుమాన్ దగ్గరికే సలహాకి వెళ్లి, రెండు నెలలకు పైగా గోపురం మీద బందీగా పడి ఉన్నాడు. హాబిట్ల సీమ షైర్ నుంచి ఫ్రోడో బయల్దేరే వేళకి పక్కన ఉండాల్సినవాడు లేకుండా పోయాడు.

ఉత్తరం సంగతి మరీ ముఖ్యం. ‘వెంటనే షైర్ వదిలిపో’ అని ఫ్రోడోకి ఉత్తరం రాసి, బ్రీ ఊళ్లో సత్రం నడిపే బటర్‌బర్ చేతికిస్తాడు. బటర్‌బర్ మంచివాడు, మతిమరుపు మనిషి. మర్నాడు పంపుదామనుకుని, మర్చిపోతాడు. లోకం తలకిందులయ్యే పరిస్థితిలో అంత పెద్ద విషయాన్ని ఒక సత్రం యజమాని జ్ఞాపకశక్తికి వదిలేసిన మనిషిని సర్వజ్ఞుడని ఎలా అంటాం?

నాకు ఆ ఘట్టంలో నచ్చేది తర్వాత జరిగేది. విషయం తెలిసి గాండాల్ఫ్ మండిపడుతూ సత్రానికి వస్తాడు. బటర్‌బర్‌ని సన్నని సెగ మీద కాల్చాలన్నంత కోపం. అప్పుడు ఆ యజమాని వణుకుతూనే, హాబిట్లు క్షేమంగా, గాండాల్ఫ్ నమ్మే స్ట్రైడర్‌తో కలిసి వెళ్లారని చెబుతాడు. ఆ ఒక్క మాటతో కోపమంతా దిగిపోతుంది. సంతోషం పట్టలేక, ఏడేళ్లపాటు నీ సత్రంలో బీరు అద్భుతంగా ఉండుగాక అని దీవించేస్తాడు. లోకాన్ని కాపాడే పనిలో ఉన్నవాడు ఒక మతిమరుపు మనిషిని క్షమించడానికి, అదీ పకపకా నవ్వుతూ క్షమించడానికి, తీరిక చేసుకున్నాడు. ఐదో స్థాయి, పదో స్థాయి పట్టికల్లో ఇది ఎక్కడా పట్టదు.

ఉంగరం వద్దన్న రోజు

తన ఇల్లు బ్యాగ్ ఎండ్‌లో ఫ్రోడో ఉంగరాన్ని ఆయన ముందుకు చాపుతాడు. ‘మీరు జ్ఞానులు, బలవంతులు, మీరే తీసుకోకూడదా’ అని అడుగుతాడు. గాండాల్ఫ్ ఉలిక్కిపడి లేస్తాడు. నన్ను ఊరించకు అంటాడు. తాను చెడు చేయాలనుకోడనీ, జాలితోనే, బలహీనులకు మేలు చేయాలనే దాన్ని పట్టుకుంటాననీ, ఆ దారిలోనే అది తనని లోబరుచుకుంటుందనీ ఆయనకి తెలుసు.

ఎన్నిసార్లు చదివినా నేను ఇక్కడ ఆగుతాను. చెడ్డవాడు అధికారం కోసం పాకులాడితే అందులో చెప్పుకోవడానికేముంది? మంచివాడు తన మంచితనాన్నే చూసి భయపడడం అరుదు. టోల్కీన్ 1963లో ఒక పాఠకురాలి కోసం రాసిన ఉత్తరం చిత్తుప్రతిలో ఈ ముక్కని ఇంకా లోతుకు తీసుకెళ్లాడు. ఉంగరం గాండాల్ఫ్ చేతికి చిక్కి ఉంటే ఆయన సౌరాన్ కంటే ఘోరమయ్యేవాడట. న్యాయం పేరుతోనే ఏలేవాడు, అందరికీ మేలు చేస్తున్నానన్న నమ్మకంతోనే ఏలేవాడు. సౌరాన్ చెడుని పెంచినా, మంచి ఏదో చెడు ఏదో తెలిసేలా మిగిల్చాడు. గాండాల్ఫ్ అయితే మంచి అంటేనే జనానికి అసహ్యం పుట్టించేవాడు.

తన కథలో అందరూ ప్రేమించే పాత్ర గురించి ఒక రచయిత ఇంత మాట రాసుకున్నాడు. మన మేలు కోసమే అంటూ మన నెత్తినెక్కి కూర్చున్నవాళ్లు ఎవరికైనా ఇంట్లోనో ఆఫీసులోనో తగిలే ఉంటారు. వాళ్లకి దురుద్దేశం ఉండదు. అందుకే వాళ్లతో పేచీ పెట్టుకోవడం అంత కష్టం. గాండాల్ఫ్ తనలో అలాంటి మనిషి ఒకడున్నాడని గుర్తించాడు.

టోల్కీన్ పోయిన ఏడేళ్లకి, 1980లో, ఆయన కొడుకు క్రిస్టఫర్ అచ్చువేయించిన అసంపూర్ణ రచనల్లో మరో చిన్న ఘట్టం ఉంది. మాంత్రికులను కథ జరిగే లోకం మిడిల్ ఎర్త్‌కి పంపేముందు జరిగిన సభ అది. వెళ్లమని అడిగితే గాండాల్ఫ్, అప్పటి పేరుతో ఒలోరిన్, నేను అంత బలవంతుణ్ణి కాను, సౌరాన్ అంటే నాకు భయం అంటాడు. అయితే నువ్వు వెళ్లడానికి అది మరింత పెద్ద కారణం అని జవాబొస్తుంది. వాళ్లకి పెట్టిన షరతు కూడా తెలిసిందే: బలానికి బలంతో ఎదురు నిలవకూడదు, భయపెట్టి ఎవరినీ లొంగదీసుకోకూడదు. ముసలి ఒంటితో, ఆకలి దప్పులతో, అలసటతో తిరగాలి. అలా చూస్తే ఆ ఆటల పత్రిక తేల్చిన ‘ఐదో స్థాయి’ ఆయన ఒప్పుకుని వేసుకున్న సంకెల.

ఆయనే మోసుకెళ్లచ్చుగా?

మా మేనల్లుడు పీటర్ జాక్సన్ తీసిన మొదటి సినిమా మొదటిసారి చూస్తున్నప్పుడు, ఉంగరాన్ని నాశనం చేయడానికి ఎవరు వెళ్లాలో తేల్చే ఎల్రాండ్ అనే ఎల్ఫ్ పెద్ద సభ దగ్గర అడిగాడు: “మామయ్యా, అంత పెద్దాయన అక్కడే ఉండగా ఆ చిన్నాడు వెళ్లడమేంటి?” గద్దల మీద ఎక్కి వెళ్లచ్చుగా అన్న పాత ప్రశ్న కంటే ఇది చాలా మంచి ప్రశ్న. నేను సినిమా ఆపి, కొంచెం వెనక్కి తిప్పి, గాండాల్ఫ్ ముఖం చూడమన్నాను. అందరూ అరుచుకుంటుంటే ఫ్రోడో వెనక నుంచి నేను తీసుకెళతాను అంటాడు. ఆ గొంతు చెవిన పడగానే గాండాల్ఫ్ వేషం వేసిన ఇయాన్ మెక్‌కెలెన్ కళ్లు మూసుకుంటాడు. ఒక్క క్షణమే. మాటల్లేవు. ఈ మాట వస్తుందని ఆయన అనుకుంటూనే ఉన్నాడు, రాకూడదనీ కోరుకున్నాడు. ఆ పాత్రకి ఆయన పేరు ఆస్కార్ నామినేషన్లలోకి వెళ్లింది, అవార్డు మాత్రం రాలేదు. నా వరకు ఆ కళ్లు మూసుకోవడం ఒక్కటి చాలు.

మా వాడు ఒప్పుకోలేదు. అంత బాధైతే ఆపాలి కదా అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆపాలి కదా? పిల్లవాడులాంటి ఒక మనిషి చావు దారిలో నడుస్తానంటే పెద్దవాడు చేయాల్సిన పని ఆపడమే కదా? నేను కుదుర్చుకున్న జవాబు ఇది: ఆపితే ఆయనకి మిగిలేది ఆజ్ఞాపించడం. ఉంగరానికి లొంగని మనసు ఆజ్ఞతో పుట్టదు. ఎవరైనా తనంతట తాను తలకెత్తుకుంటేనే ఆ పని సాగుతుంది. గాండాల్ఫ్ చేయగలిగింది పక్కన నడవడం, అదీ నడవగలిగినంత దూరం. నవలలో ఆయన ఇంకో అడుగు ముందుకేస్తాడు. ఫ్రోడో స్నేహితులు మెర్రీ, పిప్పిన్‌లను పంపడం ఎల్రాండ్‌కి ఇష్టం ఉండదు. వాళ్లకి ఏమీ తెలియదు, బదులుగా బలమైనవాళ్లను పంపుదాం అంటాడు. ఈ విషయంలో గొప్ప తెలివిని కాకుండా వాళ్ల స్నేహాన్ని నమ్ముదాం అని గాండాల్ఫ్ పట్టుబడతాడు. ఒక జ్ఞాని ఎల్రాండ్ ముందే తెలివిని పక్కన పెడదాం అనడం చిన్న విషయం కాదు.

ఆ పిప్పినే మోరియా గనుల్లో బావిలోకి రాయి విసిరి పెద్ద శబ్దం చేస్తాడు. గాండాల్ఫ్ కస్సుమంటాడు, ఈసారి నువ్వే దూకు, మాకు బెడద వదులుతుంది అంటాడు. శిక్షగా మొదటి కాపలా అతనికే వేస్తాడు. పాపం పిల్లవాడు చీకట్లో ఒక్కడే, ఆ బావి వైపు చూస్తూ కూర్చుంటాడు. గంట గడిచాక గాండాల్ఫే లేచి వస్తాడు. నాకు నిద్ర రావడం లేదు, కాపలా నేను కాస్తాను, నువ్వెళ్లి పడుకో నాయనా అంటాడు. తర్వాత నేల మీద కూర్చుని పొగ తాగుతూ ఆలోచించుకుంటాడు. వంతెన మీద ఆయన అరిచిన అరుపు అందరికీ గుర్తుంటుంది, ఉండాల్సిందే. కానీ వంతెన మీద ఆయన పడిపోతే మనకి గుండె జారడానికి కారణం అంతకుముందు రాత్రుల్లో జరిగిన ఇలాంటి పనులు.

గెడ్డం చూసి మోసపోతే?

ఇక్కడ నాకున్న అసలు అనుమానం చెప్పాలి. తెల్ల గెడ్డం, నిదానమైన మాట, అంతా తెలిసినట్టుండే చూపు ఉన్న ముసలాయన కనబడగానే ఒదిగిపోవాలన్న కోరిక మనుషుల్లో ఉంది. ఎవరో ఒక పెద్దాయన వచ్చి దారి చూపిస్తే బాగుణ్ణు అన్న కోరిక. దాని మీద బతికేవాళ్లు లోకంలో కొల్లలు. గాండాల్ఫ్ మీద ప్రేమ ఆ కోరికకే ఇంకా ఇంకా పాలుపోసి పెంచుతుందేమో?

ఈ ప్రశ్నని చాలాకాలం మోశాను. జవాబు కథలోనే ఉంది, పేరు సారుమాన్. అదే గెడ్డం, అదే కర్ర, అదే కూటమి. హోదాలో గాండాల్ఫ్ కంటే పైవాడు, చదువులో పైవాడు, గొంతు వింటేనే మనసు కరిగిపోతుంది. రెండు ముఖాలనూ పక్కపక్కన పెట్టి, ఇప్పుడు ఎవరిని నమ్ముతావో చెప్పు అని టోల్కీన్ మనల్ని అడుగుతాడు. చూపుల్లో తేడా లేదు. తేడా వాళ్లు మన దగ్గర ఏం అడుగుతారన్న దాంట్లో ఉంది. సారుమాన్ పక్కన ఉన్నవాళ్లు రోజురోజుకీ చిన్నవాళ్లవుతారు. అతని అనుచరుడు వార్మ్‌టంగ్ చివరికి నేల మీద పాకే స్థితికి దిగుతాడు. గాండాల్ఫ్ పక్కన ఉన్నవాళ్లు పెరుగుతారు. రోహన్ దేశపు రాజు థియోడెన్ కుర్చీలోంచి లేచి బయటికి వచ్చి సొంత కళ్లతో తన నేలని చూస్తాడు.

టోల్కీన్ 1946లో ఒక ఉత్తరంలో గాండాల్ఫ్‌ని ఓడిన్ తరహా బాటసారి అన్నాడు. నార్స్ దేవుడు ఓడిన్ కూడా వెడల్పు టోపీ, కర్ర, గెడ్డంతో దేశాలు తిరుగుతాడు. కానీ ఓడిన్ జ్ఞానం కోసం కన్నిచ్చినవాడు, ఎత్తులు వేసేవాడు, తనని నమ్ముకున్న వీరులను తానే చావుకి వదిలేసేవాడు. నాకేమనిపిస్తుందంటే ఓడిన్ టోపీ, ప్రయాణాలు గాండాల్ఫ్‌కి వచ్చాయి, ఓడిన్ ఆకలి సారుమాన్‌కి వెళ్లింది. టోల్కీన్ దాచుకున్న ఒక పోస్ట్‌కార్డు కూడా ఉంది. జర్మన్ చిత్రకారుడు యోసెఫ్ మాడ్లెనర్ గీసిన బొమ్మ. చెట్టు కింద బండ మీద గెడ్డం ముసలాయన కూర్చుని ఉంటాడు, ఒక జింకపిల్ల ఆయన చేతుల్లో మూతి పెట్టి వెతుక్కుంటూ ఉంటుంది. ఆ కార్డు పైకాగితం మీద, గాండాల్ఫ్ పుట్టుక ఇదీ అని టోల్కీన్ రాసుకున్నాడు.

అయినా గాండాల్ఫ్‌ని పూర్తిగా కడిగేసి చూపించను. బిల్బో విషయంలో ఆయన చేసింది దాదాపు మోసమే. తలుపు మీద గుర్తు గీకి, ఈ ఇంట్లో దొంగతనంలో ఆరితేరినవాడున్నాడని మరుగుజ్జులకు చెప్పి, పదమూడు మందిని టీకి దింపుతాడు. బిల్బోని అడిగిందెప్పుడు? ఆయనే ఎంచాడు, ఆయనే తోశాడు. కథ బాగా ముగిసింది కాబట్టి మనం నవ్వుకుంటాం. ఇది 1937 నాటి గాండాల్ఫ్, ఇంకా కాస్త గారడీవాడు. 1954లో ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో వచ్చిన మనిషి వేరు, ఉంగరం మోయడం ఎవరి వంతన్నప్పుడు పెదవి విప్పడు. రచయితే ఆ పాత్ర దగ్గర నేర్చుకుంటూ వెళ్లాడని నా నమ్మకం.

కృష్ణుడితో పోలిక

మనవాళ్లకి ఇక్కడ కృష్ణుడు గుర్తుకొస్తాడు. ఆయుధం పట్టనని మాటిచ్చి, పక్కన ఉండి నడిపించినవాడు. పోలిక చాలా దూరం వస్తుంది. పైగా మనం ఆ కృష్ణుణ్ణి ఎప్పుడు మరీ ఇష్టపడతామంటే, మాట తప్పి రథం దూకి భీష్ముడి మీదికి పరుగెత్తినప్పుడు. అణచుకున్న బలం కట్టు తెంచుకునే క్షణం అది. వంతెన మీద గాండాల్ఫ్‌కి అందరూ చప్పట్లు కొట్టడం కూడా అందుకే.

కానీ ఒక దగ్గర ఇద్దరూ విడిపోతారు. కృష్ణుడికి ముగింపు తెలుసు. గాండాల్ఫ్‌కి తెలియదు. ఒకప్పుడు ఉంగరం దగ్గరుంచుకున్న గొల్లమ్‌ని బిల్బో అప్పుడే చంపేసి ఉంటే బాగుండేదన్న ఫ్రోడోతో, మహా జ్ఞానులకు కూడా అన్ని చివర్లూ కనబడవు, తొందరపడి చావు శిక్ష వేయకు అంటాడు. గొల్లమ్ ఏదో ఒకటి చేస్తాడని ఆయన మనసుకి అనిపిస్తుంది, ఏం చేస్తాడో తెలియదు. తెలిసి జాలి చూపితే అది ఎత్తు అయ్యేది. తెలియక చూపాడు కాబట్టే ఆ జాలికి విలువ.

ఈ కారణంతోనే తర్వాత వచ్చిన చాలామంది ముసలి గురువుల దగ్గర నాకు ఏదో లోటు కనబడుతుంది. హ్యారీ పాటర్ గురువు డంబుల్‌డోర్ అంటే నాకు గౌరవమే, కానీ ఆయన దగ్గర ఒక పథకం ఉంది, ఆ పిల్లవాడికి దాచిన పథకం. గాండాల్ఫ్ బల్ల మీద అన్నీ పరిచి చెబుతాడు, నాకు తెలియనిది ఇదీ అని కూడా చెబుతాడు.

బ్యాడ్జీల సంగతి

1965 తర్వాత అమెరికాలో ఈ నవల చవక ప్రతుల్లో దొరికి కాలేజీలన్నీ తిరిగింది. ‘గాండాల్ఫ్‌ని అధ్యక్షుణ్ణి చేద్దాం’ అని కుర్రాళ్లు బ్యాడ్జీలు పెట్టుకున్నారు. పైకి సరదాగా కనబడినా నాకు అందులో ఒక ఆరాటం కనబడుతుంది. వియత్నాం యుద్ధానికి తమని పంపుతున్న పెద్దల మీద నమ్మకం పోయిన కుర్రాళ్లు, ఏ రాజ్యం ఏలడమూ నా పని కాదు అని గోండోర్ పాలకుడు డెనెథోర్ ముఖం మీదే చెప్పిన ముసలాయన్ని ఎన్నుకున్నారు. అదే సంభాషణలో ఆయన ఇంకో మాట అంటాడు: ఈ చీకటి గడిచాక ఏ కొంచెమైనా పూసి కాసే స్థితిలో మిగిలితే నేను పూర్తిగా ఓడినట్టు కాదు. తన గెలుపుని ఇంత తక్కువలో కొలుచుకునే నాయకుణ్ణి నేను కథల్లో మరెక్కడా చూడలేదు.

సినిమా వదిలేసిన భాగం

పీటర్ జాక్సన్ సినిమాలంటే నాకు ప్రాణం. మూడో సినిమా నిడివి పెంచిన కూర్పులో సౌరాన్ సేనాని గాండాల్ఫ్ కర్రని విరగ్గొట్టడం మీద అభిమానులు ఎంత గోల చేశారో తెలుసు. నవలలో కోట ద్వారం దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు, అంతలో కోడి కూస్తుంది, రోహన్ బూరలు మోగుతాయి, ఎవరు గెలిచేవారో మనకి ఎప్పటికీ తెలియదు. తెలియకపోవడమే బాగుంది. కానీ నాకు కర్ర విరగడం కంటే మరో చోట ఎక్కువ బాధ.

ఉంగరం నాశనమై, అందరూ ఇంటి దారి పట్టాక, షైర్ దగ్గరపడుతుండగా గాండాల్ఫ్ గుర్రం ఆపుతాడు. షైర్‌లో ఏదో గొడవ జరుగుతోందని ఆయనకి తెలుసు. అయినా నేను రాను అంటాడు. మీ పనులు మీరే చక్కబెట్టుకోవాలి, ఇన్నాళ్లూ మీరు తయారైంది దీనికే, మీకిక నా సాయం అక్కర్లేదు అని చెప్పి అడవిలో ఉండే బొంబాడిల్ అనే పాత మనిషితో కబుర్లు చెప్పుకోవడానికి వెళ్లిపోతాడు. నలుగురు హాబిట్లూ ఊళ్లోకి వెళ్లి చూస్తే చెట్లు నరికేసి ఉంటాయి, రౌడీలు పెత్తనం చేస్తుంటారు. వాళ్లందరి వెనకా ఉన్నది సారుమాన్. మెర్రీ, పిప్పిన్ జనాన్ని కూడగడతారు, ఒకప్పుడు బావిలో రాయి విసిరిన పిప్పినే. పోరాటంలో 19 మంది హాబిట్లు చనిపోతారు.

చివర్లో సారుమాన్ ఫ్రోడోని కత్తితో పొడవబోతాడు, లోపలి కవచం వల్ల కత్తి విరుగుతుంది. ఫ్రోడోకి తోడు నడిచిన సామ్ కత్తి దూసి మీదికి దూకితే ఫ్రోడో వద్దంటాడు. ఒకప్పుడు ఈయన గొప్పవాడు, ఈయన్ని బాగుచేయడం మన వల్ల కాదు, అయినా ఎప్పటికైనా బాగుపడతాడేమోనన్న ఆశతో వదిలేద్దాం అంటాడు. బ్యాగ్ ఎండ్‌లో గొల్లమ్ చావాల్సిందే అన్న మనిషే ఈ మాట అంటున్నాడు. గాండాల్ఫ్ అక్కడ లేడు, ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నువ్వు ఎదిగావు, చాలా ఎదిగావు అని సారుమాన్ పళ్లు కొరుకుతూ ఒప్పుకుంటాడు.

సినిమాలో ఈ భాగమంతా లేదు. హాబిట్లు తిరిగొచ్చేసరికి ఊరు ఊరిలాగే ఉంటుంది. నిడివి సమస్య నాకు అర్థమవుతుంది. కానీ పెద్దాయన రాకుండా ఆగిపోయి, పిల్లలు తమ పని తాము చేసుకున్న ఈ భాగం తెలియకపోతే గాండాల్ఫ్ సగమే తెలిసినట్టు. సినిమాలు మాత్రమే చూసినవాళ్లు ఎవరైనా ఉంటే మూడో సంపుటం ఆఖరి మూడు అధ్యాయాలు చదవమని అడుగుతున్నాను. మా మేనల్లుడికి కూడా అవే ఇచ్చాను, ఇంకా చదువుతున్నాడు.